పన్ను గొడవ స్వాతంత్ర్య పోరాటం ఎప్పుడయింది? (అమెరికా, 1765–76)

పాతకాగితం · శుక్రవారం రాత్రి 9:40
నిన్న ఇంకో చర్చలో ఒకాయన "టీ మీద పన్ను వేశారు, జనానికి ఒళ్లు మండింది, టీ పెట్టెలు సముద్రంలో పడేశారు, స్వాతంత్ర్యం వచ్చింది" అని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. స్కూల్లో మనందరికీ చెప్పిందీ అదే. మరి మధ్యలో పదేళ్లు ఏమయ్యాయి? 1765లో పత్రాలు, పత్రికల కాగితం మీద పన్ను వేసే స్టాంపు చట్టం వచ్చినప్పుడు తొమ్మిది కాలనీల వాళ్లు న్యూయార్క్‌లో కూడి రాసిన అర్జీలు చూస్తే రాజుగారికి దండాలే దండాలు. మేమూ బ్రిటిష్ వాళ్లమే, అక్కడి వాళ్లకున్న హక్కులే మాకూ ఉండాలి అన్నారు తప్ప విడిపోతాం అన్న మాట ఎక్కడా లేదు. మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యానికీ కాలనీ వాళ్లకీ మధ్య మొదటి కాల్పులు జరిగి రెండున్నర నెలలు దాటాక, 1775 జులైలో కూడా, మేం ఆయుధం పట్టింది విడిపోవడానికి కాదని కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ వాళ్లు కాగితం మీద పెట్టారు. అదే నెలలో రాజుకి ఇంకో అర్జీ. ఏడాది తిరిగేసరికి అదే రాజు నిరంకుశుడైపోయాడు.

నా ఉద్దేశంలో మలుపు టీ దగ్గర లేదు, లెక్సింగ్టన్ దగ్గరా లేదు. 1774 వేసవిలో మసాచుసెట్స్ పల్లెటూళ్లలో ఉంది. ఎందుకో తర్వాత రాస్తాను, ముందు మీ మాట చెప్పండి.

లెక్కలమాస్టారు · 10:05
మలుపూ లేదు, మెలికా లేదు నాయనా. మొదటి నుంచీ డబ్బే. 1763లో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది. ఫ్రెంచి వాళ్లను తరిమి కాలనీల వాళ్లను కాపాడింది ఆ డబ్బుతోనే కదా, మీ వంతు కొంచెం ఇవ్వండి అన్నారు. ఇంగ్లండులో ఉన్నవాడు కడుతున్న పన్నుతో పోలిస్తే వీళ్లు కట్టేది ఏ మూలకీ రాదు. అయినా కట్టం అన్నారు.

తమాషా చూడండి. 1764లో మొలాసిస్ మీద సుంకాన్ని గ్యాలనుకి ఆరు పెన్స్ నుంచి మూడు పెన్స్‌కి తగ్గించారు. తగ్గించినందుకు గొడవ చేశారు! ఎందుకంటే ఆరు పెన్స్ ఎవడూ కట్టేవాడు కాదు, కస్టమ్స్ వాడి చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు దింపుకునేవాళ్లు. మూడు పెన్స్ మాత్రం నిక్కచ్చిగా వసూలు చేస్తామన్నారు. టీ సంగతీ అంతే. 1773 చట్టంతో టీ ధర పెరగలేదు, తగ్గింది. డచ్ టీని దొంగతనంగా దింపి అమ్ముకునేవాళ్ల వ్యాపారం పోతుందని భయపడి పెట్టెలు పారబోశారు. ధర పెరిగిందని ఎవరైనా అంటే నాతో వాదించమనండి.

పాప్‌కార్న్‌పార్టీ · 10:08
మాస్టారు మొదలెట్టారు. ఈ రాత్రికి నిద్ర లేదు 🍿

ఎడిసన్_అల్లుడు · 10:31
మాస్టారూ, డబ్బు కాదండీ, మన మాట చెల్లడం ముఖ్యం. నేను న్యూజెర్సీలో మొదటి జీతం తీసుకున్న నెల నుంచీ ఫెడరల్ ట్యాక్స్, స్టేట్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్నీ కోస్తూనే ఉన్నారు. ఓటు లేదు. గ్రీన్‌కార్డు లైన్లో నా వంతు మా పాప పెళ్లి నాటికైనా వస్తుందో లేదో. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే సర్దుకుని బయల్దేరాలి. పదేళ్లు నిండకుండా వెళ్లిపోతే సోషల్ సెక్యూరిటీలో కట్టింది పైసా తిరిగి రాదు. ప్రాతినిధ్యం లేని పన్ను అంటే ఏమిటో నన్నడగండి. ఇది చరిత్ర పాఠం కాదు, నా పే స్లిప్. వాషింగ్టన్ డీసీ వాళ్లు ఇప్పటికీ ఆ మాటను కార్ల నంబరు ప్లేట్ల మీద వేసుకుని తిరుగుతున్నారు.

లెక్కలమాస్టారు · 10:36
మరి నువ్వు ఏ పెట్టె సముద్రంలో పడేశావు బాబూ? కడుతూనే ఉన్నావుగా. అంటే పన్ను ఒక్కటే చాలదన్నమాట. టీ ధర తగ్గిందా లేదా, అది చెప్పు ముందు.

సైలెంట్‌రీడర్ · 10:44
ఒక డౌటు. జమైకా, బార్బడోస్ కూడా అదే పార్లమెంటు కిందే ఉన్నాయి, అదే స్టాంపు డబ్బు కట్టాయి. వాళ్లెందుకు విడిపోలేదు?

నల్లరేగడి · 11:02
మంచి ప్రశ్న, దీన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఒక్కో తెల్లవాడికి ఎందరో బానిసలు. బ్రిటిష్ సైన్యం వెళ్లిపోతే తెల్లారేసరికి తమ గతి ఏమవుతుందో తోటల యజమానులకు తెలుసు. పైగా వాళ్ల చక్కెర అమ్ముడుపోయేది బ్రిటన్ మార్కెట్లో. కాబట్టి నోరు మూసుకుని కట్టారు. అంటే స్వేచ్ఛ మీద ప్రేమ ఎవరికి ఎంతుంది అనేది పక్కనున్న బానిసల లెక్క మీద కూడా ఆధారపడింది.

ఉత్తరాన మాత్రం ఏమైంది? పదమూడు కాలనీల్లో 1776 నాటికి జనాభా సుమారు 25 లక్షలు, అందులో ఐదోవంతు బానిసలు. వర్జీనియాలో భూస్వాములకి అసలు మలుపు 1775 నవంబరులో వచ్చింది. గవర్నరు డన్‌మోర్ ప్రకటన చేశాడు, తిరుగుబాటుదారుల దగ్గరున్న బానిసలు పారిపోయి వచ్చి రాజు తరఫున ఆయుధం పడితే వాళ్లకి విముక్తి అని. అప్పటిదాకా ఊగిసలాడుతున్న పెద్దమనుషులు చాలామంది అక్కడితో తెగించారు. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో (డిక్లరేషన్) రాజు మీద మోపిన నేరాల్లో చిట్టచివరిది చదవండి. మా మధ్య తిరుగుబాట్లు రేపాడని, అక్కడి ఆదివాసులైన ఇండియన్లను మా మీదికి ఉసిగొల్పాడని. ముసాయిదాలో జెఫర్సన్ రాసిన బానిస వ్యాపారం పేరా మాత్రం కాంగ్రెస్‌లో ఎగిరిపోయింది.

ఎడిసన్_అల్లుడు · 11:09
వచ్చేసిందండీ బానిసత్వం. ఏ టాపిక్ మొదలుపెట్టినా చివరికి అక్కడికే.

నల్లరేగడి · 11:10
చివరికి కాదు సార్. మొదటి నుంచీ అక్కడే ఉంది.

గోదారిగట్టు · 11:26
మన వైపు ముక్క ఒకటి చెప్పి పోతాను. మాస్టారు చెప్పిన ఆ యుద్ధం మన దగ్గరా జరిగింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కోట దగ్గర ఫోర్డ్ అనే కర్నలు ఫ్రెంచి వాళ్లను ఓడించాడు. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే కంపెనీ వాళ్లు ఉత్తర సర్కార్ల మీద ఢిల్లీ పాదుషా నుంచి ఫర్మానా రాయించుకున్నారు. బోస్టన్‌లో పారబోసింది చైనా టీ అయినా, సరుకు మాత్రం మనల్ని ఏలిన ఈస్టిండియా కంపెనీదే. 1770 బెంగాల్ కరువు, దివాలా అంచుకొచ్చిన కంపెనీ, గోదాముల్లో పేరుకుపోయిన టీ, ఆ టీని అమెరికాలో వదిలించుకోవడానికి చట్టం. అన్నీ ఒకే చిట్టాలో పద్దులు. యార్క్‌టౌన్‌లో 1781లో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిసే ఐదేళ్లకి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన బెంగాల్లో పెట్టిన జమీందారీ శాశ్వత పరిష్కారమే 1802లో మన సర్కార్లకీ వచ్చింది. అక్కడ ఓడినవాడు ఇక్కడ మన తాతముత్తాతల శిస్తు రాశాడు.

మోడరేటర్ · 11:30
బాగుంది. ఇది పట్టుకుని చర్చ జమీందార్ల మీదికి పోనివ్వకండి, దానికి వేరే టాపిక్ ఉంది.

పాతకాగితం · శనివారం ఉదయం 7:15
మాస్టారూ, టీ ధర తగ్గిందండీ. ఒప్పుకున్నాను, ఇక ఆ మాట వదిలేయండి. చౌకగా వస్తున్న టీని ఎందుకు పారబోశారో అడగండి. స్మగ్లర్ల కోపం ఉంది, కాదనను. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూడండి. టౌన్‌షెండ్ 1767లో అద్దాలు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేసింది సైన్యం ఖర్చుకి ఒక్కటే కాదు, గవర్నర్లకీ జడ్జీలకీ జీతాలివ్వడానికి. అంతకుముందు మసాచుసెట్స్ లాంటి చోట్ల గవర్నరు జీతం కాలనీ శాసనసభ ఇచ్చేది. గవర్నరు మొండికేస్తే జీతం ఆపేవాళ్లు. జీతం లండన్ నుంచి వస్తే ఆ పట్టు పోయినట్టే. 1770లో మిగతా సుంకాలన్నీ ఎత్తేసి టీ మీద పౌనుకి మూడు పెన్స్ మాత్రం ఉంచారు. డబ్బు కోసం కాదు, వేసే హక్కు మాకుంది అని చూపించడానికి. 1772లో మసాచుసెట్స్ జడ్జీల జీతం కూడా రాజుగారి నుంచే అని తెలిసింది. బోస్టన్‌లో మిగతా ఊళ్లతో ఉత్తరాలు నడిపే కరస్పాండెన్స్ కమిటీ పుట్టింది ఆ గొడవలోనే. ఇక 1773లో టీ అమ్మే ఏజెన్సీ ఎవరికి దక్కింది? అప్పటి గవర్నరు హచిన్‌సన్ కొడుకులిద్దరూ ఆ లిస్టులో ఉన్నారు. సుంకం వచ్చేది గవర్నరు జీతానికి, కమిషన్ వచ్చేది గవర్నరు కొడుకులకి. ధర తగ్గితే మాత్రం ఎవడికి కావాలి?

సరే, డిసెంబరు 16న 342 పెట్టెలు నీళ్లలో కలిశాయి. లండన్‌లో మండిపోయి 1774లో బోస్టన్ ఓడరేవు మూసేశారు. మన పుస్తకాల్లో ఇక్కడ ఆగిపోతారు. కానీ ఓడరేవు కంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టం. 1691 నుంచీ ఉన్న చార్టర్‌ని, అంటే కాలనీ పాలనకి ఆధారమైన రాజపత్రాన్ని, పార్లమెంటు ఒక్క చట్టంతో తిరగరాసింది. గవర్నరు కౌన్సిల్‌ని ఎన్నుకునే పద్ధతి రద్దు, ఇక రాజే నియమిస్తాడు. జూరీలో కూర్చునేవాళ్లను ఊరివాళ్లు కాదు, షెరీఫు ఎంచుతాడు. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే, ఇంకోసారి కూడాలంటే గవర్నరు అనుమతి కావాలి. టీ ముట్టని రైతుకి కూడా ఇది తగిలింది. ఎందుకంటే అప్పు కట్టలేకపోతే పొలం పోయేది కౌంటీ కోర్టులో. జడ్జీ వాళ్లవాడే, జూరీ వాళ్లవాళ్లే అయితే ఆ పొలానికి దిక్కెవరు?

ఏం చేశారంటే కోర్టులే తెరవనివ్వలేదు. ఆగస్టు 16న గ్రేట్ బారింగ్టన్‌లో, నెలాఖరుకి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, సెప్టెంబరు 6న వూస్టర్‌లో. వూస్టర్‌కి ఆ పొద్దున 37 ఊళ్ల నుంచి 4,622 మంది మిలీషియా (ఊరివాళ్లే ఆయుధం పట్టే దళాలు) దిగారు, లెక్కపెట్టి రాసుకున్నవాళ్లున్నారు. వీధికి రెండు పక్కలా ఊరి వారీగా బారులు తీరి నిలబడ్డారు. జడ్జీలు, షెరీఫు, కోర్టు ఉద్యోగులు టోపీలు తీసి చేత్తో పట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పని చెయ్యం అని చెప్పుకుంటూ పోవాలి. వెనకాల ఉన్నవాళ్లకి వినిపించాలి కాబట్టి ఒక్కొక్కరు ముప్పైసార్లకు పైగా చెప్పారు. ఒక్క తుపాకీ పేలలేదు. సైన్యం పంపిస్తానన్న జనరల్ గేజ్ బోస్టన్ దాటలేదు. అక్టోబరు 4న వూస్టర్ ఊరి సభ తమ ప్రతినిధి, కమ్మరిపని చేసుకునే టిమొతీ బిగెలోకి ఏం చెప్పి పంపిందో తెలుసా? పాత ప్రభుత్వం చెల్లిపోయింది, జనం ఒప్పుకునే కొత్తది కట్టండి అని. డిక్లరేషన్‌కి 21 నెలల ముందు. ఫిలడెల్ఫియా పెద్దమనుషులు అర్జీలు రాసుకుంటుంటే ఈ రైతులు అప్పటికే ఆ పని కానిచ్చేశారు.

ఎడిసన్_అల్లుడు · 7:50
👏👏 పాతకాగితం అన్నా, ఇది పిల్లల పుస్తకాల్లో పెట్టాలి.

లెక్కలమాస్టారు · 8:20
ఆ రైతులకి అంత జ్ఞానం ఉందంటావు. ఎక్కడి నుంచి వచ్చింది? వ్యాపారులు డబ్బిచ్చి జనాన్ని పోగేశారనుకోకూడదా?

పాతకాగితం · 8:41
వ్యాపారుల ఊరు బోస్టన్ అండీ. వూస్టర్ కాదు. డాన్‌వర్స్‌కి చెందిన లెవీ ప్రెస్టన్ అనే పెద్దాయన లెక్సింగ్టన్ నాటి పోరాటంలో ఉన్నవాడు. తొంభై దాటాక ఒక కుర్రాడు వెళ్లి ఎందుకు పోట్లాడారు తాతా అనడిగాడు. స్టాంపులా? ఒక్కటి కూడా చూడలేదన్నాడు. టీ? ఒక్క చుక్క తాగలేదన్నాడు. లాక్ లాంటి మేధావుల్ని చదివారా అంటే ఆ పేర్లే వినలేదు, బైబిలు, ప్రార్థన గీతాలు, పంచాంగం అంతే అన్నాడు. మరెందుకయ్యా అంటే, మమ్మల్ని మేమే పాలించుకుంటూ వచ్చాం, అలాగే ఉండాలనుకున్నాం, అది వాళ్లకి ఇష్టం లేదు అన్నాడు. మీ డబ్బు సిద్ధాంతం ఈయన దగ్గర పనిచెయ్యదు మాస్టారూ.

లెక్కలమాస్టారు · 8:47
తొంభై దాటిన ముసలాయన కుర్రాడికి చెప్పిన కథ సాక్ష్యమా? నాకూ డెబ్బై దాటాయి. మా మనవడికి నేనూ చాలా చెప్తుంటాను.

పాప్‌కార్న్‌పార్టీ · 8:49
😂😂

ఊరవతల · 10:12
పాతకాగితం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాగా రాశారు. ఒక్కటే అడుగుతా. ఆ బారుల మధ్య టోపీ చేత్తో పట్టుకుని నడిచినవాళ్ల వైపు నుంచి ఎవరూ రాయరా? ముప్పైసార్లు చెప్పించారని మీరు సంబరంగా రాశారు. నాకు కడుపులో తిప్పింది.

ఎడిసన్_అల్లుడు · 10:20
వాళ్లు రాజు తొత్తులండీ. చెంప మీద కొట్టనందుకు సంతోషించాలి. దేశద్రోహులకి అంతకంటే మర్యాద అక్కర్లేదు.

ఊరవతల · 10:24
1774లో దేశమే లేదు సార్. ద్రోహం ఎవరికి? అప్పటికి ఉన్న చట్టం ప్రకారం ద్రోహం చేసింది బారులు తీరినవాళ్లు.

ఎడిసన్_అల్లుడు · 10:27
అయితే మీరు బ్రిటిష్ వాళ్ల వైపా? మన దేశాన్ని దోచుకున్నవాళ్లను వెనకేసుకొస్తున్నారా? ఇలాంటివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. జాన్ ఆడమ్స్ ఊరికే అన్నాడా, మూడోవంతు అటు, మూడోవంతు ఇటు, మూడోవంతు గోడ మీద అని. మీరు ఏ వంతో తెలుస్తూనే ఉంది.

పాతకాగితం · 10:35
ఆ మూడోవంతు మాట ఆడమ్స్ ఫ్రెంచి విప్లవం గురించి అమెరికన్లు ఏమనుకున్నారో చెబుతూ రాసింది. అందరూ తప్పుగా వాడతారు. ఇక ఊరవతల గారూ, కోర్టులు మూయకపోతే మరేం చెయ్యాలి? పదేళ్లు అర్జీలు పెట్టారు, వినలేదు. దెబ్బ తగలకుండా, రక్తం కారకుండా ఇంత పని జరిగితే అందులో కూడా తప్పు వెతకడం నాకు అర్థం కాదు. ఒడ్డున కూర్చుని మాట్లాడటం తేలిక.

ఊరవతల · 10:41
ఒడ్డున కూర్చున్నానా? మంచిది. మీరు ఎప్పుడైనా ఒక కమిటీ ముందు నిలబడ్డారా? లేదు కదా. మరి మీకేం తెలుసు.

ఎడిసన్_అల్లుడు · 10:43
డ్రామా మొదలైంది.

నల్లరేగడి · 10:44
అల్లుడు గారూ, కాస్త నోరు జాగ్రత్త.

మోడరేటర్ · 10:52
ఒకరిని "దేశద్రోహి", "డ్రామా" అని ఇంకోసారి అంటే వారం రోజులు బయట ఉంటారు. ఎడిసన్_అల్లుడు, ఇది మీకే. ఊరవతల గారూ, చెప్పాలనుకుంటే చెప్పండి, లేకపోయినా పర్వాలేదు.

ఊరవతల · 11:30
చెప్తాను. మాది తెలంగాణలో ఒక ఊరు, పేరు అక్కర్లేదు. ఊళ్లో అభివృద్ధి కమిటీ ఉంటుంది, సర్పంచుకి పైన ఆ కమిటీ మాటే చెల్లుతుంది. బెల్టు షాపు ఎవరికి, ఇసుక ఎవరికి అని వేలం పాట పెట్టేది వాళ్లే. కమ్యూనిటీ హాలుకి రోడ్డు పక్క మా జాగలోంచి కొంత కావాలన్నారు. మా నాన్న రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించి కుదరదన్నాడు. మర్నాడు డప్పు చాటింపు వేయించారు. మాతో ఎవరైనా మాట్లాడితే ఐదు వేలు జరిమానా. కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్ ఇవ్వలేదు. ట్రాక్టరు రాలేదు, కోతకి కూలీలు రాలేదు, వరి చేలోనే రాలిపోయింది. మా అమ్మతో ముప్పై ఏళ్లు బతుకమ్మ ఆడిన ఆమె ఎదురొచ్చి తల దించుకుని పోయింది. ఆమెకి మా మీద కోపం లేదు, ఐదు వేలు లేవు. చివరికి గుడి ముందు కమిటీ కూర్చుంటే నాన్న నిలబడి తప్పయిందని చెప్పాడు. వినిపించలేదు, గట్టిగా చెప్పు అన్నారు. మళ్లీ చెప్పాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. రక్తం కారలేదు. ఊరంతా ఏకాభిప్రాయం అని రిజిస్టర్లో రాసుకున్నారు.

అందుకే ముప్పైసార్లు చెప్పించారు అన్నప్పుడు నాకు ఆ బారు తీరిన రైతులు కనపడరు. పదమూడు కాలనీలూ ఒక్కటయ్యాయి అంటారే, ఆ ఒక్కటవడం ఎలా జరిగిందో నాకు తెలుసు.

సైలెంట్‌రీడర్ · 11:41
చదివాక ఏం రాయాలో తెలీలేదు అక్కా.

లెక్కలమాస్టారు · 12:05
అమ్మా, మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ చర్చ వేరు కదా. బోస్టన్‌లో టీ ధర సంగతి ఇంకా ఎవరూ...

మోడరేటర్ · 12:06
మాస్టారూ. వదిలేయండి.

పాతకాగితం · మధ్యాహ్నం 1:50
ఊరవతల గారూ, మీ ఇంట్లో జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ రెండిటికీ తేడా ఉంది. మీ ఊరి కమిటీ వేలంపాట కోసం పుట్టింది. 1774 అక్టోబరులో కాంటినెంటల్ కాంగ్రెస్ చేసిన ఒప్పందంలో పదకొండో అంశం చదవండి. ప్రతి కౌంటీలో, ప్రతి ఊళ్లో కమిటీని శాసనసభకి ఓటున్నవాళ్లే ఎన్నుకోవాలి. బ్రిటిష్ సరుకు ఎవరు తెప్పిస్తున్నారో ఆ కమిటీ చూడాలి, ఒప్పందం మీరినవాళ్ల పేర్లు పత్రికలో వేయాలి, వాళ్లతో లావాదేవీలు మానుకోవాలి. కొట్టమని ఎక్కడా లేదు. అంతకుముందు సరుకు మానేద్దాం అన్నప్పుడల్లా ఏదో ఒక ఊరి వ్యాపారి వెనక్కి తగ్గడంతో చెడింది. 1770లో న్యూయార్క్ వాళ్లు విరమించగానే అంతా కూలిపోయింది. కమిటీలు లేకపోతే 1774 కూడా అలాగే పోయేది. ఆ కమిటీల్లో కూర్చున్నవాళ్లు వేల మంది, చాలామందికి అదే మొదటి పదవి. పాత ప్రభుత్వం ఒక్కో కాలనీలో పడిపోతుంటే పని నడిపించింది ఈ కమిటీలే. మిలీషియా, ఉప్పు ధరలు, తగాదాలు, అన్నీ. స్వాతంత్ర్యం అనే మాట నోట రాకముందే స్వపరిపాలన చేతుల్లోకి వచ్చింది అంటున్నాను. 1776 జనవరిలో థామస్ పెయిన్ అనే రచయిత కరపత్రం వచ్చి రాజరికమే దండగ అన్నప్పుడు జనం తల ఊపారంటే అప్పటికే ఏడాదిన్నరగా రాజు లేకుండా బతుకుతున్నారు కాబట్టే.

ఊరవతల · 3:20
మీరు చెప్పిన పదకొండో అంశం నేనూ చదివాను. పేరు పత్రికలో వేయాలి, అందరూ లావాదేవీలు మానుకోవాలి. మా ఊళ్లో డప్పు, అక్కడ పత్రిక. ఎన్నుకున్నారంటారా, మా కమిటీని కూడా చేతులెత్తి ఎన్నుకున్నారండీ. కులానికొకరు.

కొట్టమని లేదు అన్నారు. 1775 ఆగస్టులో జార్జియాలో అగస్టా దగ్గర థామస్ బ్రౌన్ అనే ఆయన ఇంటికి వెళ్లి ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాడు. నెత్తి మీద కొట్టి, చెట్టుకి కట్టి, కాళ్లకి తారు పూసి నిప్పు పెట్టారు. కాలి వేళ్లు పోయాయి. అతను అంతకుముందు సైనికుడు కాదు, ఏడాది కిందటే ఇంగ్లండు నుంచి వచ్చి భూమి తీసుకుని సేద్యం మొదలుపెట్టినవాడు. తర్వాత యుద్ధమంతా రాజు తరఫున రేంజర్ల దళం నడిపి వీళ్లకి చుక్కలు చూపించాడు. ఆ రాజభక్తుడిని తయారు చేసింది లండనా, ఊరివాళ్లా?

అసలు నా గొడవ తేదీ గురించి కాదు. మలుపు 1774 అంటారా, పెట్టుకోండి. మీరు "జనం" అన్నప్పుడల్లా అందులో సంతకం పెట్టినవాడు ఉన్నాడు, భయపడి పెట్టినవాడూ ఉన్నాడు. మీరు ఇద్దర్నీ కలిపి లెక్కపెడుతున్నారు.

నల్లరేగడి · 3:34
లెక్కలోకే రాని ఐదోవంతు కూడా ఉన్నారు.

పాతకాగితం · 4:45
సరే, ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. మీరనేది, బలవంతం కలిసిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదని. నేనడుగుతాను, అలా అయితే చరిత్రలో ఏ ప్రజా పోరాటం మిగులుతుంది? హర్తాళ్ రోజు షాపు మూసిన ప్రతివాడూ మనస్ఫూర్తిగా మూశాడా? రాజు వైపు మాత్రం మనస్ఫూర్తిగా ఉన్నవాళ్లెందరు? అటు వైపు 1775 ఆగస్టులో వీళ్లందరూ తిరుగుబాటుదారులని రాజు ప్రకటించాడు, పంపిన అర్జీ చేత్తో కూడా ముట్టలేదు. అక్టోబరులో ఫాల్‌మౌత్ ఊరిని నౌకాదళం తగలబెట్టింది, డిసెంబరులో కాలనీల ఓడలన్నీ శత్రువుల ఓడలే అని చట్టం చేశారు, తర్వాత జర్మనీ నుంచి కిరాయి సైనికుల్ని తెచ్చారు. ఊగుతున్నవాళ్లను ఇటు తోసింది కమిటీల కంటే ఇవే ఎక్కువ.

పైగా వద్దన్నవాళ్లకి చోటు లేదనడం కుదరదు. జాన్ డికిన్‌సన్‌ని చూడండి. 1767లో పెన్సిల్వేనియా రైతు పేరుతో పార్లమెంటు సుంకాల మీద ఉత్తరాలు రాసి కాలనీలన్నిటినీ కదిలించినవాడు. 1775లో రాజుకి పంపిన చివరి అర్జీ రాసింది ఆయనే. 1776 జులైలో స్వాతంత్ర్యం ఇప్పుడే వద్దు అని కాంగ్రెస్‌లో నిలబడి చెప్పాడు. 2వ తేదీ ఓటింగుకి తను, రాబర్ట్ మోరిస్ రాకుండా ఆగిపోయారు కాబట్టి పెన్సిల్వేనియా ఓటు 3–2తో అవునని పడింది. సంతకం పెట్టలేదు. ఎవరైనా తారు పూశారా? తన మిలీషియాతో యుద్ధానికి వెళ్లాడు, తర్వాత డెలావేర్‌కీ, పెన్సిల్వేనియాకీ అధ్యక్షుడయ్యాడు.

గోదారిగట్టు · 4:58
డికిన్‌సన్ మాట బాగా గుర్తుచేశారు. ప్రతిఘటన దాకా వచ్చి స్వాతంత్ర్యం గుమ్మం దగ్గర ఆగినవాడు.

ఎడిసన్_అల్లుడు · 5:05
అదే కదా నేను చెప్పేది, అక్కడ ప్రజాస్వామ్యం ఉంది. ఇప్పుడు నాకు లేదు.

ఊరవతల · 6:30
డికిన్‌సన్ ఆ రాష్ట్రంలో పెద్ద ధనవంతుల్లో ఒకడు, పేరున్న లాయరు. మా ఊళ్లో కూడా రైసు మిల్లు ఓనరు జాగ ఇవ్వనంటే కమిటీ చాయ్ తాగించి వచ్చేసింది.

అదే పెన్సిల్వేనియాలో డికిన్‌సన్ కాని వాళ్ల సంగతి చెప్తాను. 1777లో కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యనివాడికి ఓటు లేదని చట్టం చేశారు. క్వేకర్లు, మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖలవాళ్లు ఏ ప్రమాణమూ చెయ్యరు, వాళ్ల మతం ఒప్పుకోదు. ఆ ఏడాది సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో ఓ ఇరవై మందిని, ఎక్కువమంది క్వేకర్లే, బళ్లలో ఎక్కించి వర్జీనియాలో వించెస్టర్‌కి పంపేశారు. నేరం చెప్పలేదు. ఏ కారణంతో పట్టుకున్నారో కోర్టుకి చెప్పండని వాళ్లు హెబియస్ కార్పస్ వేస్తే, వీళ్లకి అది వర్తించదని శాసనసభ అప్పటికప్పుడు చట్టం చేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో వదిలారు, ఇద్దరు అక్కడే చనిపోయారు. జూరీని షెరీఫు ఎంచుతాడని కోర్టులు మూయించిన పోరాటమే కదా ఇది?

పాతకాగితం · 7:10
ఆ సెప్టెంబరు 26న బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియాలోకి అడుగుపెట్టింది. నగరం చేజారిపోతోంది, కాంగ్రెస్ ఊరు వదిలి పారిపోతోంది. ఆ వారాల్లో ఏ ప్రభుత్వమైనా ఏం చేస్తుంది? యుద్ధం మధ్యలో జరిగినదాన్ని పట్టుకుని 1774ని కొలవకండి.

ఊరవతల · 7:18
వాళ్లు వదిలిపెట్టమని కూడా అడగలేదు సార్. మా మీద నేరమేంటో చెప్పి, మా మాట ఒక్కసారి వినండి అని అడిగారు. దానికి ఎంతసేపు పడుతుంది?